జీతం పెంచలేని మేనేజరు సిబ్బందిని ఉత్సాహపరచడం ఎలా?

కొత్తగా బ్రాంచి మేనేజరుగా బాధ్యతలు తీసుకున్నవారిలో చాలామంది మొదటి నెల తిరగకుండానే ఒక మాట అంటారు: "వీళ్ల జీతం పెంచలేను, తగ్గించలేను, నచ్చనివాణ్ణి పంపించలేను, నచ్చినవాణ్ణి తెచ్చుకోలేను, ఇక వీళ్ల చేత పని చేయించేదెలా?" ఆ మాటలో నిజం లేకపోలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో జీతభత్యాలు బ్రాంచిలోనో రీజినల్ ఆఫీసులోనో తేలేవి కావు. బ్యాంకు యాజమాన్యాల సంఘమైన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్‌కూ ఉద్యోగ సంఘాలకూ మధ్య అయిదేళ్లకోసారి కుదిరే ద్వైపాక్షిక ఒప్పందంలో తేలతాయి. 2024 మార్చి 8న సంతకాలైన 12వ ఒప్పందంలో జీతభత్యాలు 17 శాతం పెరిగాయి. ఆ పెంపు 2022 నవంబరు 1 నుంచి వర్తించింది. ఆ పెంపు రోజంతా తల ఎత్తకుండా పనిచేసిన క్లర్కుకూ వచ్చింది, కళ్లజోడు టేబుల్ మీద పెట్టి గంటసేపు టీకి వెళ్లే క్లర్కుకూ వచ్చింది. 2020 నాటి 11వ ఒప్పందంతో మొదలైన పనితీరు ప్రోత్సాహకం సైతం బ్యాంకు మొత్తం నిర్వహణ లాభాన్ని బట్టి అందరికీ అందేదే తప్ప, ఫలానా కౌంటర్లో ఫలానా మనిషి పడ్డ కష్టాన్ని చూసి ఇచ్చేది కాదు.

అయితే జీతం మన చేతిలో లేకపోయినా, ఆ జీతం తీసుకునే మనిషి ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం దాకా గడిపే రోజు చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. ఎవరు ఏ కౌంటర్లో కూర్చోవాలి, ఎవరికి ఏ పని నేర్పాలి, పండక్కి సెలవు ఎవరికి దొరకాలి, పొరపాటు జరిగితే నలుగురిలో మాట పడాలా, గదిలో కూర్చుని సరిదిద్దుకోవాలా అన్నవి నిర్ణయించేది మేనేజరే. ఆరేడుగురు సిబ్బంది ఉండే మండల కేంద్రం బ్రాంచీలలో పనిచేసిన అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరుకూ ఇందులో చాలా భాగం పనికొస్తుందనుకుంటాను. జీతం ఖరారు చేసేది అక్కడ కూడా టీమ్ లీడరొక్కడే కాదు కదా.

ముందు విసుగు తగ్గించండి

చేరిన రోజే సిబ్బందిని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకండి. మీకన్నా ముందు వచ్చిన నలుగురు మేనేజర్ల ఉపన్యాసాలు వాళ్లు విని ఉంటారు. మొదటి పది రోజులూ ఎవరినీ ఉత్సాహపరచాలని ప్రయత్నించకుండా, పనికి అడ్డుపడుతున్న వస్తువులేమిటో వెతకండి.

దీని వెనక ఒక పాత అధ్యయనం ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కలిసి, ఉద్యోగంలో తమకు మహా సంతోషం కలిగిన సందర్భమేదో, మహా విసుగు పుట్టిన సందర్భమేదో చెప్పమని అడిగి, ఫలితాలను 1959లో ప్రచురించారు. సంతోషం గురించి చెప్పినప్పుడు ఎక్కువగా సాధించిన పని, దక్కిన గుర్తింపు, భుజాన పడ్డ బాధ్యత వినిపించాయి. విసుగు గురించి చెప్పినప్పుడు సంస్థ నియమాలు, పై అధికారి తీరు, పని పరిస్థితులు వినిపించాయి. అంటే విసుగు పుట్టించేదాన్ని తీసేస్తే మనిషి ఊపిరి పీల్చుకుంటాడే గానీ అంతమాత్రాన ఉత్సాహం పొంగిపోదు. విసుగును అక్కడే ఉంచి ఉత్సాహపు మాటలు చెబితే మాత్రం అవి చెవికెక్కనే ఎక్కవు. ఈ విభజనను తర్వాతి పరిశోధకులు గట్టిగానే ప్రశ్నించారు. అయినా బ్రాంచిలో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తేల్చుకోవడానికి ఇది చాలు.

ఒక బ్రాంచిలో నేను చేరేనాటికి నోట్లు లెక్కపెట్టే యంత్రం నలిగిన పది రూపాయల నోట్లు పెడితే రెండేసి చొప్పున మింగి ఆగిపోయేది. క్యాషియర్‌గా ఉన్న ఆవిడ మూత తీసి, ఇరుక్కున్న నోటును గోటితో లాగి, కట్టను మొదటి నుంచి మళ్లీ పెట్టేవారు. సంత రోజున ఈ తంతు ముప్పై నలభై సార్లు జరిగేది. కౌంటర్ బయట వరస తలుపు దాకా పెరిగేది. సాయంత్రం క్యాషు టాలీ అయ్యేసరికి ఆరున్నర దాటేది. ఏడు నెలలుగా చెబుతున్నా ఎవరూ పట్టించుకోలేదట. సర్వీసు మనిషిని పిలిపిస్తే రబ్బరు రోలర్లు అరిగిపోయాయని తేల్చి, ముప్పావుగంటలో మార్చి వెళ్లిపోయాడు. మరుసటి వారం ఆవిడే నా గదికి వచ్చి, మూలన పేరుకుపోయిన చిరిగిన నోట్ల సంచులను తానే వేరుచేసి పంపిస్తానన్నారు. ఆ పని చేయమని నేను అడగలేదు.

కాబట్టి మొదటి వారంలోనే అటెండరుతో సహా ఒక్కొక్కరినీ "మీ పనికి రోజూ అడ్డుపడుతున్నది ఒక్కటి చెప్పండి" అని అడిగి, వచ్చిన జవాబులను వాళ్లముందే కాగితం మీద రాసుకోండి. ఖాతాదారుడి వైపు తిరగని మానిటరు, సిరా ఆరిపోయే పాస్‌పుస్తకం ప్రింటరు, గడియ పడని ఆడవాళ్ల బాత్‌రూము తలుపు వంటివి వస్తాయి. అందులో బ్రాంచి ఖర్చుల పరిధిలోనే తీరేవి కనీసం మూడు ఉంటాయి. వాటిని పది రోజుల్లో తీర్చండి. మీ వల్ల కానిది ఏదో, ఎందుకు కాదో కూడా అదే పది రోజుల్లో చెప్పేయండి. "చూద్దాం" అని దాటవేసిన ప్రతి మాటా మీ లెక్కలో బాకీగానే ఉండిపోతుంది.

మనిషిని మనిషిగా తెలుసుకోవడం

చార్జి అప్పగించేటప్పుడు పాత మేనేజరు చెవిలో కొన్ని మాటలు చెబుతాడు: ఈయన సోమరి, ఆవిడకు నోరెక్కువ, ఆ కుర్రాడు పనికొస్తాడు. మర్యాదగా విని, ఆరు నెలల దాకా పక్కన పెట్టండి. ఈలోగా ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చుని, ఏ ఊరి నుంచి ఎలా వస్తున్నారో, తిరుగు బస్సు ఎన్నింటికో, ఇంటి దగ్గర ఎవరిని చూసుకోవలసి ఉందో, ఇప్పటిదాకా చేసిన పనుల్లో ఏది బాగా వచ్చో, ఏది నేర్చుకోవాలని ఉందో అడగండి. ఇందులో టార్గెట్ల ప్రస్తావన రానివ్వకండి. ఆరు నలభైకి ఆఖరి బస్సు ఉన్న మనిషికి ఆరింటికి ఆ రోజు లెక్కలు ముగించే డే-ఎండ్ పని అప్పగించి, తొందరపడుతున్నాడని విసుక్కోవడం మన తప్పే.

ఇదే సందర్భంలో పిలుపు గురించి ఒక మాట. అటెండరును, స్వీపరును "ఏమోయ్" అనే అలవాటు మన ఆఫీసులను ఇంకా వదల్లేదు. వయసులో పెద్దవాళ్లను "గారు" అని పిలవడానికి ఏ సర్క్యులరూ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. మేనేజరు "గారు" అన్న మరుసటి వారం నుంచి మిగతావాళ్ల నోట కూడా అదే రావడం నేను రెండు బ్రాంచీలలో చూశాను.

టార్గెట్‌ను పనిగా మార్చడం

సిబ్బంది ఉత్సాహాన్ని ఒక్క దెబ్బతో చంపేది ఏదైనా ఉందంటే, అది పైనుంచి వచ్చింది వచ్చినట్టుగా కింద పడేసిన టార్గెట్. రివ్యూ మీటింగులో మేనేజరుకు చీవాట్లు పడతాయి. మరునాడు ఉదయం ఆయన వాటినే జిరాక్సు తీసినట్టు అందరికీ పంచి, ఈ వారం ఒక్కొక్కరు పది ఖాతాలు, రెండు ఇన్సూరెన్సు పాలసీలు తేవాలంటాడు. ఎక్కడి నుంచి, ఎవరి దగ్గర, ఏ సమయంలో అన్నది మాత్రం చెప్పడు, ఎందుకంటే ఆయనకూ తెలియదు.

ఇలా అంకెను మాత్రమే అడిగితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో ఖాతాదారు కుటుంబానికి ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలన్న లక్ష్యాన్ని ఏళ్ల తరబడి సిబ్బంది నెత్తిన రుద్దింది; ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేరిట లక్షల కొద్దీ ఖాతాలు తెరుచుకున్నాయి; 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానాలు పడేనాటికి దాదాపు 5,300 మందిని బ్యాంకు ఉద్యోగాల నుంచి తొలగించింది. మన దేశంలోనూ అదే ఏడాది, జన్‌ధన్ పథకంలో జీరో బ్యాలెన్స్ ఖాతాల సంఖ్యను తగ్గించి చూపడానికి కొన్ని బ్రాంచీలలో సిబ్బందే ఒక్కో రూపాయి జమ వేసిన సంగతి పత్రికల్లో బయటపడింది. ఆ రూపాయి వేసినవాళ్లు దొంగలని నేను అనుకోను. వాళ్లను అంకె అడిగారు, అంకె ఇచ్చారు.

కనుక మేనేజరు మొదట చేయవలసింది అంకెను పనిగా విడగొట్టడం. రికవరీనే తీసుకోండి. వాయిదా గడువు దాటి 90 రోజులకు మించి చెల్లింపు లేకపోతే ఖాతా మొండి బాకీ (ఎన్‌పీఏ) అవుతుంది. అంతకు ముందే 30 రోజుల దాకా ఒక దశ, 60 దాకా ఇంకొకటి, 90 దాకా మరొకటిగా హెచ్చరిక జాబితాలు సిస్టమ్‌లోనే వస్తాయి. పంట రుణాలకు మాత్రం లెక్క వేరు, అది పంట కాలాన్ని బట్టి నడుస్తుంది. "ఎన్‌పీఏ తగ్గించాలి" అని అరవడం మాని, సోమవారం ఉదయం ఆ జాబితా ప్రింటు తీసి టేబుల్ మీద పరవండి. పేర్లను తలా ఇన్నని పంచకండి. ఎవరికి ఎవరు తెలుసో చూసి వాళ్లనే ఎంచుకోనివ్వండి. డ్వాక్రా గ్రూపుల లావాదేవీలు చూసే క్లర్కుకు ఆ గ్రూపు లీడర్లు పేరు పేరునా తెలుసు. అటెండరు ఊరు ఆ పక్కదే, ఎవరి ట్రాక్టరు ఎవరి ఇంటిముందు ఉందో ఆయనకు తెలిసినంతగా ఫీల్డ్ ఆఫీసరుకు తెలియదు. ఫోను చేయడం, వెళ్లి కలవడం, ఏం చెప్పారో రాసుకోవడం సిబ్బంది పని; డబ్బు వచ్చిందా రాలేదా అన్నదానికి పైన జవాబు చెప్పుకోవడం మీ పని. ఈ గీత గీసి, దాని మీద నిలబడితే, ఫోన్లు చేయడానికి జంకేవాళ్లు కూడా చేస్తారు.

రెండోది, ఆ పని వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందో లెక్క వేసి చూపించడం. పాత బాకీ కట్టి మళ్లీ తీసుకునే పంట రుణాల రెన్యువల్ సమయంలో ఒక యువ క్లర్కు రైతులకు ఫోన్లు చేయమంటే ముఖం ముడుచుకునేవాడు. అప్పులవాళ్ల ఏజెంటులా అనిపిస్తోందనేవాడు. ఒక సాయంత్రం కాగితం మీద లెక్క వేశాం. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కట్టిన రైతుకు కేంద్రం 3 శాతం ప్రోత్సాహకం ఇస్తుంది కాబట్టి అసలు భారం 4 శాతమే. 3 లక్షల మీద 3 శాతం అంటే ఏడాదికి 9,000 రూపాయలు. గడువు తేదీ గుర్తులేక వారం ఆలస్యంగా వచ్చిన రైతు ఆ మొత్తాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాడు. మర్నాటి నుంచి ఆ కుర్రాడు ఫోనులో మొదటి మాట మార్చేశాడు: "బాబాయ్, పదిహేనో తారీఖు దాటితే నీకు తొమ్మిది వేలు పోతాయి." ఆ ఏడాది రెన్యువల్స్ కోసం నేను అతన్ని మళ్లీ అడగవలసి రాలేదు.

మూడోది, జరిగిన పని కళ్లకు కనబడాలి. బోర్డు మీద సిబ్బంది పేర్లు రాసి, పక్కన మార్కులు వేయకండి. ఆరుగురున్న చోట ఒకడు మొదటివాడైతే ఒకడు ఆఖరివాడు కాక తప్పదు, ఆ ఆఖరివాడితోనే రేపు మళ్లీ మీకు పని. ఊళ్ల పేర్లు రాసి, పూర్తయిన ఊరిని కొట్టేయండి.

క్యాంపెయిన్లప్పుడు బహుమతుల మాట వస్తుంది. ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికన్ పరిశోధకుడు 1971లో ప్రచురించిన ప్రయోగంలో, ఇష్టంగా పజిల్స్ విప్పే విద్యార్థులకు ఒక్కోదానికి ఒక డాలరు చొప్పున ఇచ్చి, తర్వాత ఇవ్వడం మానేస్తే, వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్‌ను ముట్టుకోవడం తగ్గించారు. మిక్సీ, కుక్కరు బహుమతులతో నడిచే క్యాంపెయిన్ ముగిశాక బ్రాంచి ఎలా చల్లబడుతుందో చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. బహుమతి పైనుంచి వస్తే పుచ్చుకోండి. బ్రాంచి అందరి పేరా పుచ్చుకోండి.

మెచ్చుకోలు, మందలింపు

మెచ్చుకోవడంలో మనవాళ్లకు పిసినారితనం ఎక్కువ. పొగిడితే నెత్తికెక్కుతారన్న భయం. అసలు చిక్కు పొగడ్తతో కాదు, అర్థం లేని పొగడ్తతో వస్తుంది. "అందరూ బాగా చేస్తున్నారు" అన్న మాట ఎవరికీ చెందదు. "నిన్న ఆ పెన్షన్ ముసలాయన వేలిముద్ర పడక ఇబ్బంది పడుతుంటే, మీరు లేచి వెళ్లి ఆయన చేయి తుడిచి మళ్లీ పెట్టించారు, చూశాను" అన్నది ఆ మనిషికే చెందుతుంది, మరొకరికి చెందదు. మంచి పని కనబడితే రీజినల్ ఆఫీసుకు మూడు వాక్యాల మెయిల్ ఆ మనిషి పేరుతో రాసి, దాని కాపీ ఆయనకు కూడా పంపండి. పదోన్నతి ఇంటర్వ్యూకు వెళ్లే రోజున ఆ కాగితాలు జేబులో పెట్టుకుని వెళ్లినవాళ్లను నేనెరుగుదును.

మందలింపు దీనికి పూర్తిగా తిరగేసి జరగాలి: తలుపు వేసి, ఒక్కరినే కూర్చోబెట్టి, జరిగినదాని వరకే. ఒకసారి ఒక ఆఫీసరు 45,000 రూపాయలను ఒకే పేరున్న మరో ఖాతాలో జమ చేశాడు. హాల్లో ఖాతాదారుడు కేకలు వేస్తున్నాడు. అలాంటప్పుడు మేనేజరు గదిలోంచి బయటికి వచ్చి, ఖాతాదారుడి పక్కన నిలబడి, "పొరపాటు బ్రాంచిది, సరిచేసే బాధ్యత నాది, లోపలికి రండి" అనాలి. నేనూ అలాగే చేశాను. ఆ తర్వాత ఎంట్రీ సరిచేయించి, సాయంత్రం ఆ ఆఫీసరుతో కూర్చుని, ఆథరైజ్ చేసేటప్పుడు పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు ఎందుకు చూడలేకపోయాడో అడిగాను. ఆ గంటలో మూడు కౌంటర్ల ఎంట్రీలు ఆయన ఒక్కడి మీదే పడ్డాయని అప్పుడు తేలింది. పని పంపకం నాదే కాబట్టి సగం తప్పు నాది. ముందే అరిచి ఉంటే ఈ సంగతి నాకు తెలిసేదే కాదు, పైగా ఆ తర్వాత జరిగే పొరపాట్లు నా దాకా రాకుండా దాచిపెట్టేవారు. బ్యాంకులో దాచిన పొరపాటు ఆడిట్‌లో బయటపడేసరికి ఎంత పెరుగుతుందో చెప్పనక్కర్లేదు.

సెలవు, సాయంత్రం

పని మీద మనసు విరగడానికి సంక్రాంతి సెలవు దొరకకపోవడమంత బలమైన కారణం ఇంకొకటి లేదు. ప్రతి డిసెంబరులోనూ ఇదే గొడవ: ముగ్గురు అడుగుతారు, ఇద్దరికే వీలు. దీనికి ఏప్రిల్‌లోనే ఒక రిజిస్టరు పెట్టి, సంక్రాంతి, దసరా, రంజాన్, క్రిస్మస్, ఇంట్లో పెళ్లిళ్లు ముందే రాయించండి. పోయిన సంక్రాంతికి ఉండిపోయినవారికి ఈసారి మొదటి అవకాశం అన్న నియమం అందరి ముందూ పెట్టండి. ఒక పండక్కి మీరు ఉండిపోండి. తెలంగాణ బ్రాంచీలలో బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు సాయంత్రం అయిదుకే బయలుదేరేలా కౌంటర్లు సర్దితే, ఆ గంటను వాళ్లు మరోరోజు అడగకుండానే తిరిగి ఇచ్చేస్తారు.

మరో రకం సెలవుంది. సున్నితమైన విధుల్లో ఉన్నవారిని ఏటా ఒకే విడతగా కనీసం 10 పనిదినాలు, ముందుగా తెలియజేయకుండా సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు 2021 జూలైలో ఆదేశించింది. మోసాలను పసిగట్టడానికి ఉద్దేశించిన ఏర్పాటు ఇది. చెప్పాపెట్టకుండా పంపితే, తనను అనుమానిస్తున్నారని మనిషి కుమిలిపోతాడు. తేదీ చెప్పకూడదు గానీ, ఇలాంటి సెలవు ఒకటి ఉందని, అది మేనేజరుకూ తప్పదని ఏడాది మొదట్లోనే అందరికీ వివరించవచ్చు.

రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పైవాళ్ల సందేశం వస్తే దాన్ని అప్పటికప్పుడు బ్రాంచి గ్రూపులోకి తోసేయకండి. ఉదయం పదింటిదాకా అది మీ దగ్గరే ఉండనివ్వండి. మార్చి 31 వంటి రోజులు వేరు. ఆ రాత్రి అందరూ ఉంటారు, భోజనం తెప్పించండి, ఇంటికి చేర్చే వాహనం కూడా మీరే చూడండి.

నేర్చుకునే దారి

జీతం మన చేతిలో లేదన్నాను గానీ, ఒక దొడ్డిదారి ఉంది. బ్యాంకింగ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పాసైతే ఇంక్రిమెంట్లు వస్తాయి. చాలామంది పుస్తకాలు కొని, ఫీజు కట్టి, చదివే తీరిక లేక వదిలేస్తారు. పరీక్షకు ముందు నాలుగు రోజులు సెలవిచ్చి, ఆ కౌంటరును మీరే చూసుకోండి. అలాగే ఆరునెలలకోసారి సీట్లు మార్చండి. పదేళ్లుగా క్యాషులోనే కూర్చున్న మనిషికి లోన్ల డెస్కు నేర్పడానికి మూడు వారాలు పడుతుంది, ఆ మూడు వారాలూ పని కుంటుతుంది, దానికి సిద్ధపడండి.

అన్నీ చేసినా కదలని మనిషి ఒకరుంటారు. ఆయనకు ఒక పనిని పూర్తిగా, పేరుతో, రాతపూర్వకంగా అప్పగించి, వారానికోసారి మాత్రమే అడగండి. రిటైర్‌మెంటుకు రెండేళ్లున్న సీనియరైతే కొత్తగా చేరిన పిల్లలకు నేర్పే బాధ్యత ఇవ్వండి. పాత లెడ్జర్ల రోజుల నుంచి ఆయనకు తెలిసింది ఏ మాన్యువల్‌లోనూ దొరకదు. అప్పటికీ లాభం లేకపోతే నిబంధనల ప్రకారం నడవండి, ఆయన భారం మాత్రం పనిచేసేవాళ్ల మీదికి నెట్టకండి. ఆరుగురిలో అయిదుగురు మిమ్మల్ని తూచేది అక్కడే.

మూడేళ్లకు బదిలీ ఉత్తర్వు వస్తుంది. రిలీవ్ అయ్యేలోపు పెండింగ్‌లో ఉన్న సెలవులు మంజూరు చేయండి, వార్షిక పనితీరు నివేదికలు పూర్తిచేయండి, పండగ సెలవుల రిజిస్టరు కొత్త మేనేజరు చేతికి ఇవ్వండి. సిబ్బంది గురించి చెవిలో మాటలు చెప్పకుండా, ఎవరికి ఏ పని బాగా వచ్చో, ఎవరు ఏ పరీక్ష రాస్తున్నారో, ఎవరి ఆఖరి బస్సు ఎన్నింటికో ఒక కాగితం మీద రాసి, దాన్ని ముందుగా సిబ్బందికే చూపించి, తర్వాత అప్పగించండి.